పాత పికప్ ట్రక్కుకు టిల్ట్ స్టీరింగ్ కాలమ్: ఏది కొనాలి, దేన్ని వదిలేయాలి

అమెరికాలో పాత పికప్ ట్రక్కు కొన్నవాళ్ళ ధ్యాసంతా మొదట ఇంజన్ మీదే ఉంటుంది, ఆ తర్వాత పెయింట్ మీద. స్టీరింగ్ సంగతి గుర్తొచ్చేది ఒకసారి దూరం నడిపాకే. 1967–72 మధ్య వచ్చిన షెవర్లే సి-10 నే తీసుకోండి. ఉన్నది బెంచ్ సీటు. దాని వెనకే పెట్రోలు ట్యాంకు, ట్యాంకు వెనక క్యాబ్ గోడ. సీటు వెనక్కి జరపడానికి చోటు తక్కువ. ముందు పెద్ద స్టీరింగ్ వీల్, పెట్టినచోటే ఉంటుంది. కాస్త పొట్ట ఉన్నవాళ్ళు ఎక్కాలన్నా దిగాలన్నా ఒళ్ళు మెలితిప్పుకోవాలి. పొట్టిగా ఉన్నవాళ్ళకు వీల్ పై అంచు సరిగ్గా చూపుకు అడ్డం వస్తుంది. ఈ ట్రక్కులు షోలో నిలబెట్టడానికి కాదు, నడపడానికి అని నమ్మేవాణ్ణి నేను. అందుకే టిల్ట్ కాలమ్, అంటే వీల్‌ను పైకీ కిందికీ వంచుకునే వీలున్న స్టీరింగ్ గొట్టం, పెట్టించుకోవడం డబ్బు దండగ అని ఎవరైనా అంటే ఒప్పుకోను.

డాలస్, హ్యూస్టన్ వైపు గరాజ్‌లో ఇలాంటి ట్రక్కు పెట్టుకున్న మనవాళ్ళు నన్ను ముందుగా అడిగేది, ఏ కంపెనీది కొనాలి అని. ఆ ప్రశ్న చివర్లో రావాలి. క్రోమ్‌దా, నల్లదా అన్నది ఇంకా తర్వాత. మొదట చూడాల్సింది కాలమ్ కింది చివర, అంటే అది స్టీరింగ్ బాక్సుతో (వీల్ తిప్పుడును టైర్లకు అందించే గేర్ల పెట్టెతో) కలిసే చోటు. పై చివర అందాన్ని చూసి కొన్నవాళ్ళకే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ముందు, మీకు కావలసింది టిల్టేనా?

టిల్ట్ అంటే వీల్ పైకీ కిందికీ వంగుతుంది, అంతే. మార్కెట్లో దొరికే కొత్త కాలమ్‌లలో మామూలుగా ఐదు స్థానాలు ఉంటాయి. వీల్ మీకు దూరమైందనో దగ్గరైందనో బాధ అయితే టిల్ట్ దాన్ని తీర్చదు. సీటు పట్టాలు మార్చడం, లోతు ఎక్కువో తక్కువో ఉన్న వీల్ వేసుకోవడం లాంటివి చూడాలి.

బాధంతా తొడలకూ పొట్టకూ వీల్ తగలడమే అయితే, ట్రక్కుకు పవర్ స్టీరింగ్ ఉంటే, 15 అంగుళాల వీల్ వేసి కొన్నాళ్ళు నడిపి చూడండి. చాలామందికి సగం ఇబ్బంది అక్కడే పోతుంది. పవర్ స్టీరింగ్ లేకపోతే మాత్రం ఆ పని చేయకండి. పాతకాలపు పెద్ద వీల్ ఊరికే పెట్టలేదు, చేతికి బలం దొరకడానికి పెట్టారు. వీల్ చిన్నదైతే పార్కింగ్‌లో తిప్పడానికి చేతులు పడిపోతాయి. అలాంటి ట్రక్కులో పెద్ద వీల్ ఉంచుకునే ఎక్కి దిగడం సులువు చేసేది టిల్ట్ ఒక్కటే.

కింది చివర నుంచి మొదలుపెట్టండి

1947–55 షెవర్లే ట్రక్కులలో, 1953–56 ఫోర్డ్ ఎఫ్-100 లలో, స్టీరింగ్ షాఫ్టూ స్టీరింగ్ బాక్సూ వేరు వేరు కావు. వీల్ నుంచి బాక్సు లోపలి వార్మ్ గేరు దాకా ఒకే పొడవాటి ఉక్కు కడ్డీ. అందులో కాలమ్ ఒక్కటే విప్పి కొత్తది బిగించే వీలు లేదు. కడ్డీని కోసి చివర జాయింట్ పెట్టాలి, లేదా బాక్సే మార్చాలి. కోసే పని తెలిసినవాడి చేతిలో జరగాలి. నన్నడిగితే ఈ ట్రక్కులకు ముందు బాక్సు సంగతి తేల్చుకుని, ఆ బాక్సుకు తగిన కాలమ్ కొనడమే మేలు. కాలమ్ ముందు కొని బాక్సు తర్వాత చూద్దాం అనుకుంటే రెండు పనులూ రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఒంటి కడ్డీ ముందు గుద్దుడులో బల్లెంలా డ్రైవర్ గుండె మీదికి వస్తుంది. కాలమ్ లోపలికి నలిగి దెబ్బను తట్టుకోవాలన్న ఫెడరల్ నిబంధన కార్లకు 1968 లో వచ్చింది, లైట్ ట్రక్కులకు 1980లలో గానీ రాలేదు. పాత ట్రక్కులో ఎలాగూ ఎయిర్‌బ్యాగ్ ఉండదు. కాబట్టి కాలమ్ మార్చే సందర్భం వచ్చినప్పుడు, గుద్దితే నలిగే రకమా కాదా అని అమ్మేవాణ్ణి సూటిగా అడగండి. కొత్తవన్నీ నలిగే రకమే అనుకోవద్దు. నలగని కాలమ్ కొన్నా, కింద వచ్చే షాఫ్టునైనా ఒకదాంట్లో ఒకటి జారే రెండు ముక్కలది వేయించండి. రెండు యూ-జాయింట్లు (వంపులోనూ తిప్పుడును అందించే కీళ్ళు) వేసి షాఫ్టు కాస్త వంకరగా వెళ్ళేలా చేసినా, బాక్సు వెనక్కి తోసుకొచ్చినప్పుడు కడ్డీ నేరుగా ఛాతీకి రాదు.

1967–72 సి-10 దగ్గరికి వస్తే పని చాలా తేలిక. కాలమ్ కింద, స్టీరింగ్ బాక్సుకు ముందు రాగ్ జాయింట్ ఉంటుంది. రబ్బరూ గుడ్డా కలిపి చేసిన మందపాటి బిళ్ళ అది, రోడ్డు అదురు చేతికి రాకుండా ఆపుతుంది. దాని రెండు బోల్టులు రెండు సైజుల్లో ఉంటాయి, తిరగేసి బిగించకుండా ఉండాలని. ఈ జాయింట్ దగ్గర విప్పితే కాలమ్ విడిగా బయటికి వస్తుంది. విప్పే ముందు ముందు టైర్లు తిన్నగా పెట్టి, షాఫ్టుకూ జాయింటుకూ కలిపి తెల్ల పెయింట్‌తో ఒక గీత గీసుకోండి. కాలమ్ బయట ఉండగా టైర్లు ఎవరూ తిప్పకుండా చూసుకోవాలి.

కొత్త కాలమ్ చివర మూడు నాలుగు రకాలుగా వస్తుంది. ఒక అంగుళం డీడీ షాఫ్ట్ అంటే గుండ్రటి కడ్డీకి రెండు పక్కలా చదును చేసినది. లేదంటే ముప్పావు అంగుళం మీద 36 పళ్ళ స్ప్లైన్ (కడ్డీ చుట్టూ నిలువుగా చెక్కిన పళ్ళు), లేదా అంగుళం మీద 48 పళ్ళది. బాక్సు వైపు కడ్డీకి ముప్పావు అంగుళం మీద 30 పళ్ళో 36 పళ్ళో ఉండొచ్చు. 30 కీ 36 కీ కంటికి తేడా తెలియదు. ఒక పంటికి తెల్ల పెయింట్ చుక్క పెట్టి, అక్కణ్ణుంచి గోరుతో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ రండి. జాయింట్ ఆర్డర్ చేసేటప్పుడు ఈ అంకె తప్పితే ఎంత మంచి కాలమ్ కొన్నా ట్రక్కు గరాజ్‌లోనే ఉంటుంది.

యూ-జాయింట్ల విషయంలో మూడు మాటలు గుర్తుంచుకోండి. ఒక్కో జాయింట్ వంపు 30 డిగ్రీల లోపు ఉంటే మేలు, 35 దాటితే డబుల్ జాయింట్ వేయాలి. రెండు జాయింట్లు ఉన్నప్పుడు మధ్య షాఫ్టుకు రెండు చివర్లా ఉన్న ఫోర్కులు ఒకే వరసలో ఉండాలి, లేకపోతే వీల్ తిప్పుతుంటే ఒకచోట బరువుగా ఒకచోట తేలికగా వస్తుంది. మూడో జాయింట్ వేశారంటే మధ్యలో సపోర్ట్ బేరింగ్ తప్పనిసరి. ఎగ్జాస్ట్ హెడర్లు (ఇంజన్ నుంచి పొగ బయటికి తెచ్చే గొట్టాలు) మార్చిన ట్రక్కులకు మూడోది తరచూ అవసరమవుతుంది. ఇంట్లో వెల్డింగ్ మిషన్ ఉంది కదా అని స్టీరింగ్ జాయింట్లు వెల్డ్ చేయకండి.

జంక్‌యార్డ్ కాలమ్: చవకే, కానీ చేత్తో పట్టుకుని చూడాలి

టిల్ట్ వీల్‌ను జనరల్ మోటార్స్ (జిఎం) 1963 మోడల్ కార్లలో తెచ్చింది. మిషిగన్‌లోని ఆ కంపెనీ సాగినా విభాగం తయారుచేసిన ఆ పద్ధతే చిన్నచిన్న మార్పులతో దశాబ్దాలు నడిచింది. అందుకే 1970లు, 80ల నాటి జిఎం కార్లు, ట్రక్కులు, వ్యాన్ల కాలమ్‌లు జంక్‌యార్డులలో ఇప్పటికీ దొరుకుతాయి, విడిభాగాలూ దొరుకుతాయి. చేతి పని మీద ఇష్టం ఉన్నవాళ్ళకు ఇది మంచి దారి.

కాకపోతే ఈ కాలమ్‌లకు అందరికీ తెలిసిన జబ్బు ఒకటుంది. జంక్‌యార్డులో కాలమ్ ఇంకా బండికే ఉండగా, వీల్‌ను రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడండి, తర్వాత పక్కలకు. తల భాగం మొత్తం టకటకలాడుతూ ఊగితే, లోపల టిల్ట్ తలను గొట్టానికి పట్టి ఉంచే నాలుగు బోల్టులు వదులైనట్టు. ఆ బోల్టుల తలలు మామూలు స్పానర్‌కు దొరకవు, నక్షత్రం ఆకారపు తలలకు వాడే ఈ-8 సాకెట్ కావాలి. వాటి దాకా చేరాలంటే వీల్ తీయాలి, లాక్ ప్లేటును ప్రత్యేకమైన కంప్రెసర్‌తో అదిమి రింగు తీయాలి, ఇండికేటర్ స్విచ్ విప్పాలి, రెండు పివట్ పిన్నులు బయటికి లాగాలి. ఆ పిన్నులకు ఒక సన్నటి స్క్రూ ఎక్కించి, పైన సాకెట్ బోర్లించి, నట్టు తిప్పుతూ లాగుతారు. ఓపిక ఉంటే ఇంట్లో అయ్యే పనే. బోల్టులకు థ్రెడ్ లాకర్ (వదులు కాకుండా పట్టే జిగురు) రాసి మళ్ళీ బిగిస్తే కాలమ్ గట్టిపడుతుంది. బయట చేయిస్తే మాత్రం కూలీ కలిపి చూసుకోండి, చవకగా కొన్న లాభం చాలావరకు అక్కడే పోతుంది.

తల ఊగడం లేదు గానీ పెట్టిన స్థానంలో వీల్ నిలవకుండా జారిపోతోందనుకోండి, అది వేరే సమస్య. వీల్‌ను పెట్టిన స్థానంలో పట్టి ఉంచే లాక్ షూలు అరిగి ఉంటాయి, లేదా వాటి స్ప్రింగ్ పోయి ఉంటుంది. డ్రైవ్ చేస్తుండగా వీల్ ఒక్కసారిగా ఒళ్ళోకి దిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఆ కాలమ్‌ను అక్కడే వదిలేయండి, లేదా విప్పి బాగుచేశాకే బిగించండి.

షాఫ్టు కింది చివరను కూడా చూడాలి. నలిగే కాలమ్‌లో షాఫ్టు రెండు ముక్కలు, వాటిని ప్లాస్టిక్ పిన్నులు కలిపి ఉంచుతాయి. ఎవరైనా తీసేటప్పుడు సుత్తితో కొట్టి ఉంటే ఆ పిన్నులు తెగి, షాఫ్టు లోపలికీ బయటికీ జారుతుంది. బయటి గొట్టం ముడుచుకుని ఉన్నా, జాలీ భాగం వంగి ఉన్నా ఆ బండి గుద్దుకున్నదని అర్థం. దాన్ని ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు. మీరు తీసేటప్పుడూ షాఫ్టు మీద సుత్తి వాడకూడదు.

పొడవు ఇంకో చిక్కు. వ్యాన్ కాలమ్‌లు పొట్టిగా ఉంటాయి. ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబ్‌కూ మధ్య గోడ) దగ్గరి ప్లేటు, డాష్ కింది బ్రాకెట్ కూడా బండిబండికీ వేరు. పైగా 1973 నుంచి వచ్చిన జిఎం ట్రక్కుల కాలమ్ మీదే ఇగ్నిషన్ తాళం ఉంటుంది. 1967–72 ట్రక్కుకు తాళం డాష్‌బోర్డులో ఉంటుంది. అలాంటి కాలమ్ తెచ్చి పెడితే డాష్‌లో ఒక ఖాళీ రంధ్రం, దాంతోపాటు ఇగ్నిషన్ వైరింగ్ పని అదనం. కొన్ని తర్వాతి కాలమ్‌లలో హెడ్‌లైట్ డిమ్మర్, వైపర్ స్విచ్‌లు కూడా కాలమ్ మీదికే వచ్చాయి. కాలు దగ్గర డిమ్మర్ ఉన్న ట్రక్కుకు అవన్నీ కలపడం ఇంకొంత పని.

మీది 1973–87 స్క్వేర్‌బాడీ (ఆ కాలపు జిఎం ట్రక్కుకు వాడుక పేరు) అయితే ఈ గొడవలు చాలావరకు ఉండవు. అదే తరం ట్రక్కు నుంచి ఫ్యాక్టరీ టిల్ట్ కాలమ్ దొరికితే కళ్ళు మూసుకుని కాదు గానీ, పై పరీక్షలు చేసి తీసుకోండి. అలాంటి ట్రక్కుకు కొత్తది కొనడం నాకు అవసరమనిపించదు.

కొత్త బోల్ట్-ఇన్ కాలమ్

ఒక ఫలానా ట్రక్కు కోసమే కొలతలు తీసి చేసినవి ఇవి. మిషిగన్‌లో టెకమ్సే ఊళ్ళోని ఇడిడిట్, ఒహాయోలో బెరీయాలోని ఫ్లేమింగ్ రివర్, ఈ రంగంలో ఎక్కువగా వినిపించే రెండు పేర్లు. 1967–72 సి-10 కు సూటిగా బిగిసే కాలమ్‌లు దొరుకుతాయి. పొడవు సరిపోతుంది, డాష్ బ్రాకెట్ పాత రంధ్రాలలోనే కూర్చుంటుంది, కింది చివర ఫ్యాక్టరీ జాయింటుకు తగ్గట్టు ఉంటుంది. ధర కొన్ని వందల డాలర్లు. పెయింట్ వేసుకునే ఉక్కు కాలమ్ తక్కువ, క్రోమ్ ఎక్కువ. నేను పెయింట్‌దే కొంటాను. డాష్‌బోర్డు రంగులోనే కాలమ్ ఉంటే ఫ్యాక్టరీ నుంచి అలాగే వచ్చినట్టుంటుంది, ఎండలో క్రోమ్ మెరుపు కంట్లో పడదు. టెక్సస్ ఎండలో ఇది చిన్న విషయం కాదు.

కొనే ముందు పెట్టెలో ఏం రావు అన్నది అడిగి రాసుకోండి. వీల్, వీల్ అడాప్టర్, గేరు లింకేజి, రాగ్ జాయింట్ లేదా యూ-జాయింట్, న్యూట్రల్ సేఫ్టీ స్విచ్ (గేరులో ఉండగా ఇంజన్ స్టార్ట్ కాకుండా ఆపేది), వైరింగ్ అడాప్టర్. వీటిలో చాలావాటిని విడిగా అమ్ముతారు. కాలమ్ ధర చూసి బడ్జెట్ వేసుకున్నవాళ్ళకు కొసరు ఖర్చు ఇక్కడే పెరుగుతుంది.

ఈ కాలమ్‌లు ఎక్కువగా 1969–94 జిఎం వీల్ పళ్ళకు సరిపోయేలా వస్తాయి. ఫోర్డ్ ఎఫ్-100 కోసం కొన్నా తరచూ ఇదే. మీ ఫోర్డ్ అసలు వీల్ మీకు ఇష్టమైతే, దానికి అడాప్టర్ ఉందో లేదో ముందే కనుక్కోండి.

యూనివర్సల్ కాలమ్

28, 30, 32, 33 అంగుళాలు, ఇలా పొడవుల లెక్కన అమ్మే కాలమ్‌లు ఇవి. ఏ ట్రక్కుకైనా పెట్టొచ్చు, అందుకే ఏ ట్రక్కుకూ నేరుగా సరిపోవు. ఫ్రేమ్ మార్చిన, స్టీరింగ్ బాక్సు మార్చిన, బాక్సు బదులు ర్యాక్ (పళ్ళ పట్టీ స్టీరింగ్) పెట్టిన పాత ట్రక్కులకు ఇవే దారి. 1950ల ట్రక్కుల్లో చివరికి చాలామంది వచ్చి ఆగేది ఇక్కడే. కొలిచేటప్పుడు మీరు సీటులో కూర్చుని, చేతులు సౌకర్యంగా ఉన్న చోట ఒక కర్రకు వీల్ కట్టి చూసి, అక్కణ్ణుంచి ఫైర్‌వాల్ దాటి కావలసినంత దాకా టేపు పట్టండి. సీటు ఇంకా బిగించకుండా, కుషన్ లేకుండా కొలిస్తే ఆ కొలత పనికిరాదు.

మార్పులు లేని ట్రక్కుకు, బోల్ట్-ఇన్ దొరుకుతున్న ట్రక్కుకు, నలభై యాభై డాలర్లు మిగులుతాయని యూనివర్సల్ కొనకండి. బ్రాకెట్, ఫ్లోర్ మౌంట్, షాఫ్టు కలిపితే ఆ మిగులు ఉండదు.

గేరూ, తాళమూ

బెంచ్ సీటు ఉంచుకునేవాళ్ళు కాలమ్ గేరే ఉంచుకోండి. నేల మీద గేరు పెడితే మధ్యలో కూర్చునేవాళ్ళకు కాళ్ళు పెట్టుకునే చోటు పోతుంది. పిల్లలతో ముగ్గురు కూర్చుని వెళ్ళడం ఈ ట్రక్కుల్లో ఉన్న ఆనందాల్లో ఒకటి.

టిహెచ్-350 లాంటి మూడు గేర్ల ఆటోమేటిక్ నుంచి 700ఆర్4 లాంటి నాలుగు గేర్ల దానికి మారి ఉంటే, కాలమ్ లోపలి గేరు గాళ్ళు కూడా దానికి తగ్గట్టు ఉండాలి. ఇండికేటర్ ముల్లు ఒక స్థానం చూపిస్తుంటే ట్రాన్స్‌మిషన్ ఇంకో స్థానంలో ఉండటం ప్రమాదం. ఏ ట్రాన్స్‌మిషనో చెప్పే ఆర్డర్ పెట్టండి. కాలమ్ మీద మూడు గేర్ల మాన్యువల్ ఉన్న ట్రక్కు అయితే, దానికి టిల్ట్ కాలమ్ దొరకడం కష్టం. ఆ గేరు మీద మమకారం ఉంటే టిల్ట్ వదులుకోవాలి, లేదంటే గేరు నేలకు దించాలి. అలాంటి ట్రక్కును నేనైతే ముట్టుకోను, ఉన్నదున్నట్టే నడుపుతాను.

తాళం డాష్‌లో ఉంటే తాళం లేని కాలమ్ కొనండి. స్టీరింగ్ లాక్ వస్తుందని కాలమ్ తాళం వైపు మొగ్గేవాళ్ళున్నారు. దొంగల భయం నిజమే, కానీ దానికి విడిగా కిల్ స్విచ్ (ఇంజన్ స్టార్ట్ కాకుండా ఆపే స్విచ్) పెట్టుకోవడం చవక.

వైర్లు

పాత ట్రక్కుల్లో బ్రేక్ లైటు కూడా ఇండికేటర్ స్విచ్ గుండానే వెనక్కి వెళ్తుంది. అందుకే కాలమ్ మార్చాక ఇండికేటర్ ఒక్కటే చూసుకుని బయల్దేరకూడదు. జిఎం పద్ధతి కాలమ్‌లో తెల్ల వైరు బ్రేక్ స్విచ్ నుంచి వస్తుంది. ఊదా రంగుది ఇండికేటర్ ఫ్లాషర్ నుంచి, గోధుమ రంగుది హజార్డ్ ఫ్లాషర్ నుంచి. పసుపు ఎడమ వెనక, ముదురు ఆకుపచ్చ కుడి వెనక, లేత నీలం ఎడమ ముందు, ముదురు నీలం కుడి ముందు. నలుపు హారన్. ప్లగ్గు వెడల్పు రెండు రకాలు, 3-7/8 అంగుళాలు, 4-1/4 అంగుళాలు. మీ హార్నెస్ (ట్రక్కు వైర్ల కట్ట) వైపు ప్లగ్గును స్కేలు పెట్టి కొలిచి అడాప్టర్ తెప్పించుకోండి. ఫోర్డ్‌కు అడాప్టర్ ఎలాగూ కావాలి.

హారన్ మోగకపోతే కంగారుపడి స్విచ్ మార్చేయకండి. ఈ ట్రక్కుల్లో హారన్ బటన్ నొక్కితే రిలేకు ఎర్త్ అందుతుంది. ఆ ఎర్త్ కాలమ్ గుండా వెళ్తుంది. కొత్తగా పెయింట్ వేసిన బ్రాకెట్, రబ్బరు జాయింట్, ఈ రెండింట్లో ఏదో ఒకటి దారి ఆపేసి ఉంటుంది. బ్రాకెట్ కింద పెయింట్ కాస్త గీకడం, లేదా ఒక ఎర్త్ వైరు వేయడంతో పని అయిపోతుంది.

నా ఎంపిక

1967–72 సి-10, పవర్ స్టీరింగ్, ఆటోమేటిక్: పెయింట్ వేసుకునే బోల్ట్-ఇన్ కాలమ్, కాలమ్ గేరుతో, తాళం లేనిది. ఖర్చు ఎక్కువైనా వారాంతంలో పని ముగుస్తుంది, డాష్ చెడదు.

1973–87 స్క్వేర్‌బాడీ: అదే తరం ఫ్యాక్టరీ టిల్ట్ కాలమ్, తల ఊగనిది. విప్పి ఆ నాలుగు బోల్టులూ బిగించాకే ట్రక్కుకు ఎక్కించాలి.

1947–55 షెవర్లే, 1953–56 ఎఫ్-100: ముందు బాక్సు, తర్వాత నలిగే షాఫ్టుతో యూనివర్సల్ కాలమ్. బాక్సు మార్చే ఉద్దేశం లేకపోతే టిల్ట్ ఆలోచన పక్కన పెట్టి సీటు సంగతి చూడండి.

ఏది బిగించినా, రోడ్డెక్కే ముందు ముందు టైర్లు జాకీ మీద లేపి, టిల్ట్ ప్రతి స్థానంలోనూ వీల్‌ను ఒక చివర నుంచి ఇంకో చివర దాకా తిప్పి చూడాలి. ఎక్కడా పట్టేయకూడదు, షాఫ్టు హెడర్‌కు తగలకూడదు. తర్వాత ఎవరినైనా వెనక నిలబెట్టి, బ్రేక్ తొక్కిపట్టి ఎడమ ఇండికేటర్ వేయండి. ఎడమ దీపం ఆరి వెలుగుతూ ఉండాలి, కుడిది నిలకడగా వెలగాలి. కుడి వైపూ అలాగే. ఒక వంద మైళ్ళు తిరిగాక జాయింట్ల సెట్ స్క్రూలూ వాటి లాక్ నట్లూ మళ్ళీ ఒకసారి బిగించండి.